రాగి మనిషి రెండోసారి వచ్చిన వారం

నేను అబిడ్స్‌లో ఒక సినిమా హాలుకు చాలా ఏళ్లు మేనేజరుగా పనిచేశాను. అన్నేళ్లలో మా హాలు నల్లబోర్డు మీద ఒకే ఒక్కసారి అబద్ధం రాశాను. కొత్తగా ఈ పనిలోకి వస్తున్నవాళ్లకు ఏదైనా చెప్పమంటే నాకు ఆ వారం గురించే చెప్పాలనిపిస్తుంది. లైసెన్సులు, తనిఖీలు, జీతం పెరిగిన సంవత్సరాలు అన్నీ నా డైరీల్లో ఉన్నాయి. అవి ఎవరికీ పనికిరావు. ఆ వారం పేజీలు పనికొస్తాయి. వాటిని ముందు పెట్టుకునే రాస్తున్నాను.

హాలు, దాని జనం

మాది ఇంగ్లీషు పిక్చర్ల హాలు. నాంపల్లి స్టేషన్‌లో రైలు దిగినవాళ్లు చేతిలో సంచితోనే మ్యాటినీకి నడిచి వచ్చేవాళ్లు. బషీర్‌బాగ్ ఆఫీసులు వదిలాక గుమస్తాలు ఫస్ట్ షోకి వచ్చేవాళ్లు. బేగం బజార్ దుకాణాలు మూసే ఆదివారం మ్యాటినీ అక్కడి వర్తకులది.

బాల్కనీలో కూర్చునే కొందరికి తప్ప మా జనంలో ఎక్కువమందికి ఇంగ్లీషు రాదు. ఇది వాళ్లను తక్కువ చేసి అంటున్న మాట కాదు. తెర మీది మాట ఒక్కటీ తెలియకుండా రెండు గంటలు కూర్చుని, బయటికొచ్చి కథంతా చెప్పగలిగినవాళ్లు. ఎవరి కళ్లల్లో భయం ఉంది, ఎవరి చెయ్యి జేబులోకి పోతోంది, ఇవి చూసి కథ అల్లుకునేవాళ్లు. అలాంటివాళ్లను మోసం చేయడం కష్టం. తెర మీద మనుషులు ఊరికే మాట్లాడుకుంటుంటే ఇంగ్లీషు వచ్చినవాడు మర్యాదకు వింటాడు. రానివాడు ఒక్క నిమిషంలో పట్టేస్తాడు.

పిక్చర్ల పేర్లు కూడా వాళ్లు పెట్టుకున్నవే. అసలు పేరు పోస్టరు మీద ఎంత పెద్ద అక్షరాల్లో ఉన్నా, కిటికీ దగ్గర "గా ఒంటికన్నోని పిక్చర్‌కు రెండు" అనే అడిగేవాళ్లు.

తలుపు దగ్గర నిలబడటం

నా మొదటి బాస్ రఘునాథరావు సాబ్. నిజాం కాలం నుంచి అదే హాల్లో ఉన్న మనిషి. ఎండాకాలంలో కూడా షేర్వానీ గుండీలు మెడదాకా పెట్టుకునేవారు. ఆంధ్రప్రదేశ్ ఏర్పడిన ఏడాది నేను ఆయన కింద చేరాను. మూడో రోజు పిలిచారు.

"విఠల్, పిక్చర్ చూసినవా?"

"చూసిన సాబ్. బాగున్నది."

"బాగున్నదా లేదా అని నిన్నెవరడిగిన్రయ్యా? జనం బయటికి పొయ్యేటప్పుడు చూసినవా?"

"లేదు సాబ్."

"గట్లైతే నువ్వు పిక్చర్ చూడలే. పో, గేటు కాడ నిలబడు."

నిలబడ్డాను. ఆయన చెప్పిన గుర్తులు రెండే. మంచి పిక్చర్ చూసినవాడు బయట మెట్ల మీద ఆగుతాడు. వెనకవాడు తోస్తున్నా ఆగి పక్కవాడితో ఏదో అంటాడు. చెడ్డ పిక్చర్ చూసినవాడు సైకిల్ తాళంచెవి హాలు లోపలే చేతిలోకి తీసుకుంటాడు. ఇంతే. తర్వాత కాలంలో ఎంతోమంది పంపిణీదారులు ఎన్నో లెక్కలు చూపించి నాతో వాదించారు గానీ, ఈ రెండు గుర్తులు నన్ను ఎప్పుడూ తప్పుదారి పట్టించలేదు.

ఆయన దగ్గర నేర్చుకోకూడనిది కూడా ఒకటుండేది. తప్పు జరిగితే తన మీదికి రానిచ్చేవారు కాదు. ప్రింటు మీదికో, ఆపరేటరు మీదికో, చివరికి వాన మీదికో నెట్టేవారు. అది కూడా నేను చక్కగా నేర్చుకున్నాను. వదిలించుకోవడానికి రాగి మనిషి రావలసి వచ్చింది.

నల్లబోర్డు

బుకింగ్ కిటికీ దగ్గర క్యూ కదలకపోవడానికి కారణం ప్రశ్నలు. "ఫైటింగ్ ఉన్నదా?" "పిల్లలు జడుసుకుంటరా?" "ఏడ్పు పిక్చరా?" అన్నిటికీ గుమస్తా ఒకటే జవాబిచ్చేవాడు: "ఫస్ట్ క్లాస్ పిక్చర్!" చెడ్డ పిక్చర్‌కు కూడా అదే మాట కాబట్టి ఎవరూ నమ్మేవాళ్లు కాదు, మళ్లీ అడిగేవాళ్లు.

రావు సాబ్ తర్వాత పగ్గాలు నా చేతికి వచ్చాక, ఒక బడి వాళ్లు పక్కన పడేసిన నల్లబోర్డు తెచ్చి కిటికీ పక్కన గోడకు కొట్టించాను. ఎడమవైపు తెలుగు, కుడివైపు ఉర్దూ. నేను ఉర్దూ మీడియంలో చదివినవాణ్ని కాబట్టి రెండూ నా చేత్తోనే రాసేవాణ్ని. మూడే వాక్యాలు. పిక్చర్ దేని గురించి, ఎవరు రాకపోతే మంచిది, ఏ ఒక్కటి తప్పకుండా చూడాలి.

నియమం ఒకటి పెట్టుకున్నాను. శుక్రవారం వేసే పిక్చర్ రీళ్లతో ప్రింటు పెట్టె గురువారం దిగుతుంది. ఆ రోజు మ్యాటినీకి ముందు ఖాళీ హాల్లో ఆపరేటర్ ఖాజా మియా ట్రయల్ వేస్తే నేనొక్కణ్నే కూర్చుని చూస్తాను. చూశాకే రాస్తాను.

ఒకసారి ఇలా రాశాను: "యుద్ధం పిక్చర్. యుద్ధం ఆఖరి అరగంటలోనే ఉంది, అంతవరకు ఉత్తరాలు రాసుకుంటారు." మా ఓనరు గోవర్ధన్ సేఠ్ బేగం బజార్‌లో మిర్చి హోల్‌సేల్ వ్యాపారి. పొద్దున్నే అది చదివి నా గదిలోకి వచ్చాడు.

"ఏంది విఠల్‌రావు! మన దుకాణంల మనమే మాల్ ఖరాబున్నదని రాస్కుంటమా?"

"సేఠ్‌జీ, ఘాటు తక్కువున్న మిర్చి బస్తా అమ్మేటప్పుడు మీరేం చెప్తరు?"

"తక్కువున్నదనే చెప్త. గిరాకీ మల్ల రావొద్దా?"

"గదే సేఠ్‌జీ."

ఆయన నవ్వాడు. ఒప్పుకున్నాడని కాదు, ఆ రోజుకు వదిలేశాడు.

బోర్డును అందరికంటే శ్రద్ధగా చదివిన మనిషి మాణిక్యరావు. నాంపల్లిలో ఒక ఆఫీసులో రికార్డు గుమస్తా. పల్లె నుంచి కుటుంబంతో వచ్చి స్థిరపడ్డవాడు. బోర్డు ముందు నిలబడి పెద్దగా చదివేవాడు, ఎందుకంటే పక్కన తల్లి రాములమ్మ ఉండేది. ఆమెకు చదువు రాదు. పిక్చర్ల పిచ్చి మాత్రం ఇంట్లో అందరికంటే ఆమెకే ఎక్కువ.

అరవైల మొదట్లో మొదటి రాగి మనిషి పిక్చర్ వచ్చింది. ఆకాశం నుంచి ఒక గోళం ఎడారిలో పడుతుంది. అందులోంచి తాటిచెట్టంత రాగి మనిషి లేచి పట్టణం మీదికి నడుస్తాడు. తుపాకులు పనిచేయవు. చివరికి గడియారం గోపురం మీద ఒక మెకానిక్కు వాడి ఛాతీ మీది మూత తెరిచి తీగ లాగేస్తాడు. ఐదు వారాలు ఆడింది. రాములమ్మ మూడుసార్లు చూసింది. మూడోసారి మెట్ల మీద ఆగి నన్ను అడిగింది.

"గా రాగోని పొట్టల ఒట్టి తీగలేనా కొడుకా? పాపం, పానం ఉన్నట్టే కొట్టుకున్నడు గద. మల్ల వస్తడా?"

"వస్తడేమో అమ్మా."

ఆ "ఏమో"ను ఆమె లెక్కచేయలేదు. ఆ తర్వాత నాలుగేళ్లు, ఏ పిక్చర్‌కు వచ్చినా అడిగేది: "మా రాగోడు ఎప్పుడొస్తడు కొడుకా?"

డైరీ చూసి రాసిన మూడు వాక్యాలు

నాలుగేళ్లకు వచ్చాడు. సేఠ్ బొంబాయి వెళ్లి, మూడు వారాలు తప్పకుండా ఆడిస్తానని ఒప్పుకుని రెండో భాగాన్ని తెచ్చాడు. వేరే హాలుకు పోకుండా లాక్కొచ్చానని ఆయన ఆనందం.

గురువారం పెట్టె రాలేదు. అంతకుముందు వేరే ఊళ్లో ఆడించిన హాలువాళ్లు ఆలస్యంగా వదిలారు. శుక్రవారం రైల్లో వస్తుందని తంతి వచ్చింది. సాయంత్రం కిటికీ ముందు జనం మూగారు. బోర్డు ఖాళీగా ఉంది.

"ఏం రాయలేదేంది?" అన్నాడు సేఠ్.

"చూడలే గద సేఠ్‌జీ."

"మొదటిది చూసినవ్ గద! మిర్చి అదే, చేను అదే. గా బోర్డు ఉత్తగుంటే పిక్చర్ ఖరాబున్నదని అనుకుంటరు జనం. రాయి!"

ఆయన బలవంతపెట్టాడని చెప్పి నేను పక్కకు తప్పుకోవచ్చు. కానీ ఆయన అక్కడి నుంచి వెళ్లిపోయాక నా గదిలో అరగంట ఒంటరిగా కూర్చున్నాను. అప్పుడు చేసింది నా పనే. నాలుగేళ్ల కిందటి డైరీ తీశాను. మొదటి భాగానికి రాసిన వాక్యాలు అందులో ఉన్నాయి. వాటినే దింపి, "మళ్లీ", "ఇంకా" అనే రెండు మాటలు చేర్చాను:

"ఆకాశం నుంచి రాగి మనిషి మళ్లీ దిగి పట్టణం మీద పడతాడు. చిన్నపిల్లలు చెవులు మూసుకుంటారు, అయినా తీసుకురండి. గోపురం మీద కొట్లాట ఇంకా బాగుంటుంది, రెప్ప వేయకండి."

క్రమపద్ధతిగా డైరీ రాసుకునేవాడు మాత్రమే చేయగల తప్పు ఇది. లేని విషయాన్ని ఊహించి రాస్తే చేతికి సిగ్గేస్తుంది. పాత పేజీ చూసి ఎక్కిస్తుంటే, సాక్ష్యం ఉన్నట్టే అనిపిస్తుంది.

ఖాజా మియా మెట్లు దిగివచ్చి బోర్డు చూశాడు.

"సాబ్, చూడకుండనే?"

"మొదటిది చూసినం గద ఖాజా."

"అన్న మంచోడైతే తమ్ముడు గూడ మంచోడేనా సాబ్? మా తమ్ముణ్ని మీరు చూస్తనే ఉన్నరు గద."

నవ్వాను. చాక్‌పీసు పొడి దులుపుకుని వెళ్లిపోయాను.

శుక్రవారం మ్యాటినీ

పెట్టె మధ్యాహ్నం రెండింటికి దిగింది. ట్రయల్‌కు వేళ లేదు. హాలు నిండిపోయింది. మాణిక్యరావు ఒక పూట సెలవు పెట్టి ఇంటిల్లిపాదితో వచ్చాడు, తనతో కలిపి తొమ్మిది మంది. రాములమ్మకు కంటి ఆపరేషన్ అయి, మందపాటి కొత్త అద్దాలు వచ్చాయి.

"ఈ అద్దాలతోని మొదలు రాగోన్నే చూస్త అన్నది సాబ్. నెల నుంచి ఒక్క పిక్చర్‌కు రాలే, దీని కోసరమే," అన్నాడు మాణిక్యరావు.

పిక్చర్ మొదలైంది. ఒక గది. ఒక బల్ల. చుట్టూ ఎనిమిది మంది కూర్చుని మాట్లాడుతున్నారు. గోడ మీద పటం. ఒకాయన లేచి పటం మీద కర్ర పెట్టి చూపించాడు, కూర్చున్నాడు. ఇంకొకాయన లేచాడు. తర్వాత ఇంకో గది, ఇంకో బల్ల. మెకానిక్కు ఉన్నాడు గానీ ఆ మనిషి కాదు, ఎవరో కొత్తవాడు. పాతవాడి టోపీ మాత్రం పెట్టారు. రాగి మనిషి ఇంటర్వెల్ దాకా రాలేదు. రెండుసార్లు గోడ మీద నీడ పడింది, అంతే.

నేల క్లాసు నుంచి ఒక గొంతు లేచింది: "అరే, మీటింగ్ ఎప్పుడైపోతదిరా?" హాలంతా నవ్వింది. తర్వాత నవ్వు కూడా ఆగింది. అది ఇంకా చెడ్డ గుర్తు.

ఇంటర్వెల్‌లోనే కొందరి చేతుల్లో సైకిల్ తాళంచెవులు చూశాను. గోపురం మీద కొట్లాట వచ్చినప్పుడు ఖాజా మియా రీలు తిప్పే పని తన జతగాడికి అప్పగించి పరుగున వచ్చాడు.

"సాబ్, ఇది కొత్తది కాదు! పాత పిక్చర్‌ల ముక్క కోసి, గా తుకడానే అతికిన్రు. గోపురం కింద ఒకని టోపీ ఎగిరిపోతది, యాదికున్నదా? గదే టోపీ, గదే దిక్కు ఎగిరింది!"

చివరి పది నిమిషాలకు హాలు సగం ఖాళీ. ఉన్నవాళ్లు ఈలలు వేస్తున్నారు. ఆ పది నిమిషాలను సరిగ్గా చూసింది, నాకు తెలిసి, రాములమ్మ ఒక్కతే.

బయటికొచ్చి చూస్తే బోర్డు మీద నా అక్షరాలను తడివేలితో తుడిచి, ఈ కొస నుంచి ఆ కొస దాకా అబద్ధమని ఒకే మాట రాశారెవరో: "ఝూట్."

మాణిక్యరావు అక్కడే నిలబడి ఉన్నాడు. కోపంగా లేడు. కోపంగా ఉంటే బాగుండేది.

"సాబ్, నాకు ఇంగ్లీష్ రాదు. మేనేజర్ సాబ్ చూసినంకనే రాస్తడని ఇంట్ల అందరికి చెప్పిన. మీరు చూసిన్రా?"

రావు సాబ్ అయితే ఏదో ఒకటి చెప్పేవారు. సాకుగా నా నాలుక మీదికి కూడా రైలు వచ్చింది, పెట్టె వచ్చింది, సేఠ్ వచ్చాడు.

"చూడలే మాణిక్యరావు గారూ," అన్నాను.

ఆయన తల ఊపాడు. "ఇగ బోర్డు సదువను సాబ్," అన్నాడు.

వెనకాల రాములమ్మ కోడలి చెయ్యి పట్టుకుని నెమ్మదిగా దిగింది. "మా ఊళ్లె పంచాయితి గూడ గింతసేపు నడ్వదు కొడుకా!" అన్నది. రెండు మెట్లు దిగి ఆగింది. "సివరికి మాత్రం పాపం. వానల నిలబడి, చిలుము పట్టి, కదలకుంట అయిపాయె. జర చింతపండు పెట్టి తోమితే లేస్తుండె గద! గంతమంది సదువుకున్నోళ్లు బల్ల చుట్టు కూసున్నరు, ఒక్కనికన్న తెల్వకపాయె."

నేను ఆ సీను చూడలేదు. తలుపు దగ్గర నిలబడి, వెళ్లిపోతున్నవాళ్లను చూస్తున్నాను.

శనివారం బోర్డు

అదే సాయంత్రం ఫస్ట్ షోకి నేల క్లాసులో జనం మధ్య కూర్చున్నాను. ఒక చేతిలో గడియారం, ఒడిలో డైరీ. ఎక్కడ దగ్గారు, ఎక్కడ సోడాకు లేచారు, ఎక్కడ నవ్వారు, అన్నీ నిమిషాలతో రాసుకున్నాను. మొదటి మీటింగు ఒక్కటే పంతొమ్మిది నిమిషాలు.

చివరి పది నిమిషాలు వచ్చాయి. ముసలమ్మ చెప్పింది నిజమే. పట్టణమంతా వాన. రాగి మనిషి ఎవరినీ కొట్టడు. వంతెన పక్కన నిలబడతాడు. మోకాళ్ల నుంచి మెల్లగా పచ్చదనం పైకి పాకుతుంది. వాడు తన చెయ్యి ఎత్తి చూసుకుంటాడు. ఆ చెయ్యి అలాగే ఆగిపోతుంది. మొదటి భాగంలో కూడా ఇలాంటిది లేదు. ఇంత చెత్త పిక్చర్ తీసినవాళ్లలో ఎవడో ఒకడు ఆ ఒక్క రోజు మనసు పెట్టి పనిచేశాడు.

శనివారం పొద్దున్నే గౌలిగూడ వెళ్లాను. బొంబాయి కంపెనీవాళ్ల ప్రింట్లు దాచే గోదాం అక్కడ ఉంది. మొదటి భాగం డబ్బాలు ఒక మూల దుమ్ములో పడి ఉన్నాయని ఖాజా చెప్పాడు. గోదాం గుమస్తా బొంబాయికి ట్రంకు కాల్ చేసి, గంట తర్వాత తలూపాడు. రిక్షాలో డబ్బాలు వేసుకుని హాలుకు వచ్చి, బోర్డు మీది "ఝూట్" తుడిచి, ఇలా రాశాను:

"మొన్న ఇక్కడ రాసింది పిక్చర్ చూడకుండా రాశాను. తప్పు నాది. మేనేజర్ విఠల్.

ఇంటర్వెల్ దాకా మీటింగులే. మెకానిక్కు మారాడు. గోపురం కొట్లాట పాతదే, కోసి అతికించారు.

చివరి పది నిమిషాలు మొదటి భాగం కంటే బాగున్నాయి. వానలో రాగి మనిషిని చూడకుండా లేవకండి.

నిన్నటి టికెట్టు ముక్క దాచుకున్నవాళ్లకు రేపు పొద్దున మొదటి భాగం ఉచితం."

సేఠ్ వచ్చేసరికి బోర్డు ముందు జనం ఉన్నారు. ఆయన చదివి, నన్ను గదిలోకి లాక్కుపోయాడు.

"నీకు దిమాగ్ ఉన్నదా? అతికిన్రని రాస్తవా? పేరు గూడ పెట్టినవ్!"

"పేరు నాదే పెట్టిన సేఠ్‌జీ, మీది పెట్టలే."

"మూడు వారాలు ఆడియ్యాలె నేను! ఎవడొస్తడింక?"

"నిన్న ఫస్ట్ షోకు ఎంతమంది వచ్చిన్రు? సగం హాలు. ఇయ్యాల పావు హాలు వస్తరు. ఆళ్లు ఒక్క పిక్చర్‌కు రాకుంటే ఫికర్ లేదు. వచ్చే వారం నేనేం రాసినా నమ్మకుంటే ఏం జేస్తం?"

ఆయన తలుపు దాకా వెళ్లి వెనక్కి తిరిగాడు. తర్వాత వేలు చూపించాడు.

"రేపటి దాంక చూస్త. రేపు మ్యాటినీకి హాల్ నిండకుంటే గీ బోర్డు నా గోదాంకు పోతది. బస్తాల నంబర్లు రాస్కోనీకి పనికొస్తది."

రెండు రాగి మనుషులు

ఆదివారం పొద్దున టికెట్టు ముక్కలు పట్టుకుని జనం వచ్చారు. కొందరు వాటిని చొక్కా జేబులో మడిచి, కొందరు పాన్ ఆకులో చుట్టి తెచ్చారు. మొదటి భాగం మొదలైంది. నాలుగేళ్ల తర్వాత కూడా రాగి మనిషి ఎడారిలోంచి లేచినప్పుడు హాలు ఊపిరి బిగబట్టింది.

నేను అనుకోనిది ఆ తర్వాత జరిగింది. షో వదిలాక జనం ఇళ్లకు పోలేదు. ఎదురుగా ఇరానీ హోటల్లో చాయ్ తాగి, తిరిగొచ్చి మ్యాటినీ క్యూలో నిలబడ్డారు. రెండూ పక్కపక్కన పెట్టి చూడాలని. వాళ్ల వాదన విని, కొత్తవాళ్లు కూడా నిలబడ్డారు. "అతికిన తుకడా ఏడున్నదో నేను చూపిస్త రా" అని ఒకాయన బావమరిదిని లాక్కొచ్చాడు. రెండున్నరకు హౌస్‌ఫుల్ పలక వేలాడదీశాం.

ఆ మ్యాటినీని నేను ఎప్పటికీ మరచిపోను. మీటింగు మొదలవగానే హాలంతా ఒక్క గొంతుతో "కూసోండ్రి సార్, కూసోండ్రి!" అని కేకలు. కర్ర పట్టుకున్నాయన లేచిన ప్రతిసారీ చప్పట్లు. గోపురం సీను రాగానే అందరూ ముందుకు వంగారు. గాలి వీచడానికి ఒక్క క్షణం ముందు బాల్కనీ నుంచి నేల దాకా ఒకటే కేక:

"టోపీ!"

టోపీ ఎగిరింది. కుర్చీలు విరుగుతాయేమో అన్నంత నవ్వు. చెడ్డ పిక్చర్ అదే, ఒక్క అంగుళం మారలేదు. కానీ ఏం చూడబోతున్నారో తెలిసి వచ్చిన జనం వేరు, మోసపోయి కూర్చున్న జనం వేరు.

చివరికి వాన వచ్చింది. హాలు దానంతట అదే నిశ్శబ్దమైంది. రాగి మనిషి చెయ్యి ఎత్తి చూసుకున్నప్పుడు సోడాలవాడు బాసింపట్టు వేసుకుని నడవలో కూర్చుండిపోయాడు.

షో వదిలేటప్పుడు సేఠ్ నా పక్కన తలుపు దగ్గర నిలబడ్డాడు. అంతకుముందు ఎప్పుడూ నిలబడలేదు.

"ఏందయ్యా, మెట్ల మీద ఎవరు కదుల్తలేరు?"

"గదే సేఠ్‌జీ," అన్నాను.

మూడు వారాలూ పొద్దున మొదటి భాగం, మధ్యాహ్నం రెండో భాగం వేశాం. నాలుగో వారం కూడా ఆడింది. నల్లబోర్డు గోదాముకు పోలేదు. సేఠ్ దానికి పైన చిన్న రేకు పందిరి వేయించాడు, వానకు అక్షరాలు చెదిరిపోకుండా.

కానీ ఆ నాలుగు వారాల్లో నేను వెతికిన తొమ్మిది టికెట్టు ముక్కలు రాలేదు. మాణిక్యరావు ఆఫీసుకు పోతూ ఎదుటి కాలిబాట మీదుగా నడిచేవాడు. నేను కనిపిస్తే నమస్కారం పెట్టేవాడు. బోర్డు వైపు చూసేవాడు కాదు.

మళ్లీ ఆలస్యమైన పెట్టె

రెండు నెలల తర్వాత మరో పిక్చర్ పెట్టె గురువారం రాలేదు. మళ్లీ అదే సాయంత్రం, అదే ఖాళీ బోర్డు, అదే జనం. చాక్‌పీసు తీసుకుని రాశాను:

"పెట్టె రాలేదు. పిక్చర్ నేను చూడలేదు. రేపు చూసి రాస్తాను."

మొదటిసారి కూడా ఈ మూడు వాక్యాలు రాస్తే సరిపోయేది. అప్పుడు అది నాకు తట్టనే లేదు. తెలియదని రాస్తే మేనేజరు పరువు పోతుందనుకున్నాను. కొత్తవాళ్లకు నేను గట్టిగా చెప్పేది ఇదొక్కటే: మీకు తెలియని చోట తెలియదని రాసే చోటు ఒకటి ముందే ఉంచుకోండి.

కిటికీ లోపల కూర్చుని ఉండగా బయట రాములమ్మ గొంతు వినిపించింది. ఆమె కళ్లు దవాఖానలో చూపించి ఇంటికి తీసుకుపోతున్నాడు మాణిక్యరావు.

"ఆగు. గీ బోర్డు మీద ఏమున్నదో సదువు."

"ఇగ సదువనన్న గద అమ్మా."

"నువ్వు సదువకు. నాకు సదివి చెప్పు."

చెప్పుల చప్పుడు బోర్డు దగ్గరికి వచ్చింది. తర్వాత అతను చదివాడు, మొదట మెల్లగా, రెండోసారి పెద్దగా.

"ఎవరు చూడలేదంట?"

"మేనేజర్ సాబ్."

"చూడలేదని ఆయిననే రాసుకున్నడా?"

"ఔ అమ్మా."

"గట్లైతే రేపొద్దాం."

మర్నాడు పన్నెండింటికి పెట్టె దిగింది. ఖాజా మియా వెంటనే ట్రయల్ వేశాడు. మ్యాటినీ ఆలస్యమవుతుందని సేఠ్‌కు చెబితే, "కానియ్యి, కానియ్యి" అన్నాడు. చూసి, చాక్‌పీసు పట్టుకుని బయటికొచ్చేసరికి క్యూ రోడ్డు మలుపు దాకా ఉంది. ముందు వరుసలో మాణిక్యరావు ఇంటివాళ్లు తొమ్మిది మందీ ఉన్నారు. రాములమ్మ అద్దాలు కొంగుతో తుడుచుకుని, బోర్డుకు దగ్గరగా వచ్చి నిలబడింది, చదవగలిగిన మనిషిలాగే.

ఎడమవైపు తెలుగు రాయడం మొదలుపెట్టాను. వెనకాల బుకింగ్ కిటికీ తెరిచిన చప్పుడైంది. గుమస్తా కేకేశాడు: "రండ్రి, టికెట్లు, టికెట్లు!"

ఎవరూ కదల్లేదు. ఒకసారి వెనక్కి తిరిగి చూశాను. అంత పొడుగు క్యూలో ఒక్క చెయ్యి కూడా కిటికీ వైపు చాచలేదు. అందరి కళ్లూ నా చాక్‌పీసు మీదే ఉన్నాయి.

"నిమ్మలంగ రాయి కొడుకా," అన్నది రాములమ్మ. "నిలబడ్తం."

తెలుగు పూర్తిచేసి, కుడివైపుకు జరిగి ఉర్దూ మొదలుపెట్టాను. ఆ చివరి అక్షరం మీద చుక్క పెట్టి చెయ్యి దించాక, అప్పుడు కదిలింది క్యూ.